ఫ్రీజర్‌లో ఉన్నవీ లెక్కే

మా అమ్మకి చేపల పిచ్చి ఎక్కించింది ఎవరంటే పక్కింటాయన మీదకి తోసేస్తూ ఉంటాను గానీ, నిజానికి ఆ తప్పు నాదే. ఆ మే నెలలో ఆవిడ మిన్నెసోటాలో దిగిన నాలుగో రోజుకే నాకు భయం పట్టుకుంది. అంతకు ముందోసారి, మేం దక్షిణాన కాపెల్ అనే ఊళ్ళో ఉన్నప్పుడు వచ్చి, ఆరు నెలలూ ఏసీలో కూర్చుని గోడలు చూసి వెళ్ళింది. మేం ఆఫీసుకి పోతే ఆవిడకి టీవీ, టీవీకి ఆవిడ. ఈసారి అలా కాకూడదని, ఇంటి వెనక నడిచి వెళ్ళేంత దూరంలో లేక్ ఉంది కదా అని, "పొద్దున్నే అలా వెళ్ళి గాలి పీల్చుకుని రా అమ్మా" అని నేనే తరిమాను. గాలి పీల్చుకుని రమ్మంటే గాలం పట్టుకుని వచ్చింది.

ఆ గాలం పక్కింటాయనది. స్కూల్ బస్సు నడిపి రిటైరైన తెల్లాయన. ఇన్నేళ్ళలో ఆయనా మేమూ మాట్లాడుకున్నదంతా కలిపితే మంచు గురించి ఓ పది వాక్యాలు ఉంటాయేమో. అమ్మతో మొదటి రోజే గంటసేపు కూర్చున్నాడట. అమ్మ ముప్పై ఏళ్ళ పైచిలుకు మిషన్ ఆస్పత్రిలో కాన్పుల వార్డు నర్సు. ఆవిడ ఇంగ్లీషంతా ఆ వార్డు ఇంగ్లీషే. "స్లోలీ", "నో టెన్షన్", "వెయిట్, వెయిట్, నౌ!" వీటితోనే లెక్కలేనంతమంది పిల్లల్ని బయటికి తీసిన మనిషి. ఒక చేపని నీళ్ళలోంచి లాగడానికి అవి చాలవా? చాలాయి.

ఆ చేప పేరు సన్‌ఫిష్. అరచేయంత ఉంటుంది. చందువలాగా పలచగా, గుండ్రంగా ఉండి, పొట్ట కింద నారింజ రంగు, చెంప దగ్గర నల్ల మచ్చ. చిన్న వానపాము ముక్క గుచ్చి, బెండు కట్టి, ఒడ్డు నుంచి నాలుగు అడుగుల దూరంలో వేస్తే చాలు, బెండు బుడుంగుమంటుంది. మొదటి రోజు మూడు తెచ్చి సింకులో పడేసి, "ఇంత వయసొచ్చాక నాకిదేం బుద్ధే!" అని చిన్నపిల్లలా నవ్వింది. నాన్న పోయాక ఆవిడ అలా నవ్వడం నేను చూళ్ళేదు. ఆ సాయంత్రమే ఇద్దరికీ లైసెన్సులు కొన్నాను. ఆవిడకి ఒకటి, తోడు వెళ్తానంటూ నాకొకటి.

జూన్ వచ్చేసరికి నాకు మొదటి అయోమయం మొదలైంది. లేక్ అంచున నీళ్ళు తేటగా ఉన్నచోట, అడుగున ఎవరో పళ్ళాలు అదిమి తీసినట్టు గుండ్రటి గుంటలు కనిపించాయి. ఒక్కో గుంట మీదా ఒక్కో పెద్ద చేప కదలకుండా నిలబడి తోకతో నీళ్ళు విసురుతోంది. అమ్మ వాటిలో ఒకదాన్ని చటుక్కున పట్టేసింది. అరచెయ్యి దాటిపోయింది. మేమిద్దరం సంబరపడిపోతుంటే పక్కింటాయన పరుగున వచ్చి, దాన్ని వదిలెయ్యమన్నాడు. దానికి బదులు అమ్మ అంతకుముందే చిన్నదని వదిలేసిన సైజువి ఉంచుకోమన్నాడు.

"ఏంటే ఈ మనిషి! పెద్దది వదిలేసి చిన్నది తినమంటాడా?" అంది అమ్మ.

నాకూ అర్థం కాలేదు. చిన్నవి వదిలెయ్యాలి, పెరుగుతాయి, పెద్దవి కూర వండుకోవాలి. ఇది పుట్టిన దగ్గర్నుంచీ విన్న ధర్మం. ఆయన ఓపిగ్గా చెప్పాడు. గుంట మీద నిలబడేవి మగ చేపలట. గుడ్లకి కాపలా కాస్తాయట. పెద్ద మగవాటిని తీసేస్తే ఆ గుడ్లని పక్కనున్న చేపలు నిమిషాల్లో తినేస్తాయట. పైగా ఏటా పెద్దవాటినే పట్టుకుపోతూ ఉంటే కొన్నాళ్ళకి లేక్‌లో అన్నీ వేలెడంతవే మిగులుతాయట. నేను తెలుగు చేసి చెబితే అమ్మ శ్రద్ధగా వింది.

"తండ్రి కాపలా ఉంటాడా! మరి తల్లేదీ?"

"గుడ్లు పెట్టి వెళ్ళిపోతుందట."

అమ్మ నీళ్ళలోకి చూసి, "దానికీ పనులుంటాయి" అంది. తన చేతిలోని పెద్దదాన్ని మెల్లిగా ఆ గుంట మీదే వదిలింది. ఆ రోజు నుంచీ అమ్మ పెద్దవి ముట్టుకోలేదు. మధ్యరకంవే తెచ్చేది, అదీ రోజుకి ఇరవై దాటకుండా. రోజుకి మనిషికి ఇరవై అని పక్కింటాయన చెప్పాడు. రూలంటే రూలే మా అమ్మకి. వార్డులో విజిటర్లని నిమిషం ఎక్కువ ఉండనిచ్చేది కాదు.

ఇద్దరం, మా ఆయనతో కలిపి ముగ్గురం, రోజూ ఎన్ని తింటాం? మిగిలినవాటికి పొలుసు గీకి, కడుపు శుభ్రం చేసి, ఉప్పూ పసుపూ పట్టించి, జిప్‌లాక్ కవర్లలో మూడేసి చొప్పున పెట్టి గరాజ్‌లో ఫ్రీజర్‌లోకి తోసేది. ఆ ఫ్రీజర్ ఇక్కడి తెలుగువాళ్ళందరి గరాజుల్లోనూ ఉండేదే. సగం మటన్, సగం కరివేపాకు, మునక్కాడలు, కొబ్బరి కోరు. జూలై ఆఖరికి మటన్ పోయింది, కరివేపాకు ఓ మూలకి నక్కింది. తలుపు తీస్తే చేపలే.

"ఎందుకమ్మా ఇన్ని?"

"నేను వెళ్ళాక తింటావు."

అక్టోబర్‌లో ఆవిడ తిరుగు ప్రయాణం. మళ్ళీ మే నెలకి వచ్చేస్తుంది. ఆ మాత్రం నెలలకి ఇన్నా? ఏమో, తల్లి మనసు అనుకున్నాను. నాకు పనుల్లో ఇంకేం ఆలోచించే తీరిక లేదు.

ఆ పనుల్లో పెద్దది సిటిజన్‌షిప్. నేను దానికి అప్లై చేసింది అమ్మ కోసం. నాకైతే గ్రీన్ కార్డ్‌తోనే జీవితం నడిచిపోతోంది. సిటిజన్ అయితే అమ్మకి గ్రీన్ కార్డ్ పెట్టొచ్చు. ఆవిడకి నేనొక్కదాన్నే. కాకినాడలో చర్చి పక్కన రెండు గదుల అద్దె వాటాలో ఒక్కతీ ఉంటుంది. ఆరేసి నెలలు అటూ ఇటూ ఈ విమానాలు ఇక తిరగక్కర్లేదు, మనతోనే ఉండిపోతుంది అని నేను మా ఆయనకి చెప్పాను, చర్చిలో ప్రార్థన మనవుల్లో చెప్పాను, ఫ్రిస్కోలో ఉన్న స్నేహితురాలికి ఫోన్ చేసి చెప్పాను. మార్చిలో ఫారం పంపాను. ఆగస్టులో ఇంటర్వ్యూ లెటర్ వచ్చింది. సెప్టెంబర్ ఆఖరి వారం.

లెటర్ వచ్చిన వారానికే ఒక శనివారం పొద్దున పక్కింటాయన ఏదో పనిమీద గరాజ్‌లోకి వచ్చాడు. అమ్మ గర్వంగా ఫ్రీజర్ తలుపు తీసి చూపించింది. ఆయన మెచ్చుకుని ఈల వేస్తాడనుకున్నాం. వెయ్యలేదు. టోపీ తీసి తల గోక్కుని, నా వైపు తిరిగి, చాలా మర్యాదగా ఒక మాట చెప్పాడు. ఇరవై అంటే రోజుకి పట్టేవి మాత్రమే కాదట, ఒక మనిషి దగ్గర ఏ సమయానికైనా ఉండదగినవి మొత్తం ఇరవైయేనట. ఫ్రీజర్‌లో ఉన్నవీ లెక్కేనట. తనెప్పుడూ పట్టినవి పట్టినట్టు తినేస్తాడు కాబట్టి మాకు ఈ సంగతి చెప్పాలని తోచలేదని నొచ్చుకున్నాడు.

ఆయన వెళ్ళగానే లెక్కపెట్టాను. నలభై ఒక్క ప్యాకెట్లు. ఒక్కోదాంట్లో మూడు. నూట ఇరవై మూడు చేపలు. మా ఇద్దరి లైసెన్సులకీ కలిపి నలభై.

లోపలికెళ్ళి సిటిజన్‌షిప్ కాయితాలు తీశాను. ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంది. అరెస్టు కాకపోయినా సరే, మీరెప్పుడైనా ఏదైనా నేరం చేశారా అని. మార్చిలో నేను 'నో' అని టిక్కు పెట్టాను. అప్పటికి నిజమే. ఇంటర్వ్యూలో ప్రమాణం చేయించి అవన్నీ మళ్ళీ అడుగుతారు. ఇప్పుడేం చెప్పాలి?

"నీకేమైనా పిచ్చా? చేపల గురించి ఎవడడుగుతాడు! స్పీడ్‌గా డ్రైవ్ చేసినవి కూడా చెప్తావా?" అన్నాడు మా ఆయన.

"ప్రమాణం చేసి అబద్ధమాడమంటావా?"

"అబద్ధం కాదు, మర్చిపో అంటున్నా."

"నూట ఇరవై మూడు చేపల్ని ఎలా మర్చిపోతాను, గరాజ్‌లో పెట్టుకుని!"

అసలు అది నేరం కిందికి వస్తుందో రాదో తెలియదు. పట్టింది అమ్మ, ఫ్రీజర్ నాది, తప్పు ఎవరిదో తెలియదు. లాయర్ని అడుగుదామంటే సిగ్గు. పారేద్దామనుకుంటే, తినే చేపల్ని వృథా చెయ్యడం ఇంకో తప్పని ఎక్కడో చదివాను. ఉంచితే తప్పు, పారేస్తే తప్పు, చెబితే భయం, చెప్పకపోతే పాపం. ఇలాంటి దేశాన్ని నేనెక్కడా చూళ్ళేదు. సరే, తినేయడం ఒక్కటే దారి అనుకున్నాను.

ఇక మొదలుపెట్టాను. పొద్దున చేపల వేపుడు, సాయంత్రం చేపల పులుసు. ఆఫీసులో లంచ్ బాక్స్ తెరిస్తే మైక్రోవేవ్ చుట్టుపక్కల మనుషులు మాయం. మా ఆయన వారం రోజులు నోరు మూసుకుని తిన్నాడు, ఎనిమిదో రోజు కంచం ముందు చేతులు జోడించాడు, ప్రార్థనకి కాదు. అయినా రోజుకి రెండు ప్యాకెట్లు తగ్గించాను. పది రోజుల్లో ఇరవై పోవాలి. ఇరవై ఒకటి మిగలాలి. తలుపు తీసి లెక్కపెట్టాను. నలభై మూడు!

మళ్ళీ లెక్కపెట్టాను. నలభై మూడే. లెక్కలు రాకుండా పోయాయా నాకు? సాఫ్ట్‌వేర్‌లో పద్దెనిమిదేళ్ళు వెలగబెట్టానే! రెండు రోజులు ఆ అయోమయంలోనే తిరిగాను. మూడో రోజు ఆఫీసు నుంచి మధ్యాహ్నమే వచ్చేసరికి సంగతి తెలిసింది. అమ్మ గరాజ్‌లో చిన్న స్టూలు మీద కూర్చుని పొలుసు గీకుతోంది. పక్కన బకెట్లో అప్పుడే పట్టి తెచ్చినవి ఎగురుతున్నాయి. చేపలు పట్టొద్దని నేను ఎంత చెప్పానో, ఎందుకు చెప్పానో, అన్నీ విన్న మనిషి!

నాకు కోపం వస్తే ముందూ వెనకా ఉండవు.

"ఏంటమ్మా ఇది! నేను నోరు చచ్చిపోయేలా తింటుంటే నువ్వు వెనకనుంచి నింపుతున్నావా?"

"నువ్వు రోజుకి రెండు తీశావు. నేను రెండు పెట్టాను. ఈ వారం ఎక్కువ పడ్డాయి."

"ఎందుకు పెట్టావు? చెప్పానుగా, రూల్ ఒప్పుకోదని! రూలంటే ప్రాణం పెట్టే దానివి, నీకేమైంది?"

"యాభై రెండు కావాలే" అంది, తలెత్తకుండా.

"యాభై రెండేంటి?"

"ఏడాదికి ఆదివారాలు. చర్చి నుంచి రాగానే వండుకోవడానికి ఒక్కో ఆదివారానికి ఒక్కోటి."

నాకు లెక్క కుదరలేదు. "నువ్వు వెళ్ళేది అక్టోబర్‌లో. వచ్చేది మేలో. ముప్పై చాలుగా! ఈలోగా నా ఇంటర్వ్యూ తగలబడిపోయేలా ఉంది నీ చేపలతో. ఆ ఇంటర్వ్యూ ఎవరి కోసమనుకుంటున్నావు? నువ్విక్కడ ఉండిపోవాలని కాదూ నేను చచ్చేది?"

అమ్మ కత్తి పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుంది.

"ఉండిపోతానని నేనెప్పుడన్నానే?"

నిజంగానే ఎప్పుడన్నది? గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. నేను మా ఆయనకి చెప్పాను. చర్చిలో చెప్పాను. ఫ్రిస్కోకి ఫోన్ చేసి చెప్పాను. అమ్మకి కూడా చెప్పాను. అడగడం మాత్రం గుర్తులేదు.

"మేలో రావడం లేదు నేను" అంది అమ్మ. "ఇక రాను. టికెట్ బుక్ చెయ్యకు."

"ఎందుకమ్మా? నీకిక్కడ బాగాలేదా? రోజూ నవ్వుతూనే ఉన్నావుగా!"

"బాగుంది. బాగోలేదని ఎవరన్నారు? చేపలు పడుతున్నాయి, బస్సాయన మంచివాడు, నువ్వు బాగా చూస్తున్నావు. ఇక్కడ నేను నీ అమ్మని. చర్చిలో ఆంటీని. బాగానే ఉంటుంది. అక్కడైతే మా వీధిలో ఎవరికి పురుడొచ్చినా ముందు నా తలుపు కొడతారు. పసిపిల్లకి కామెర్లు వచ్చాయేమో చూడమని ఎండలోకి ఎత్తుకొస్తారు. ఈ నాలుగు నెలల్లో ఎంతమంది పుట్టారో, ఎవరు చూశారో. నాకు ఆ పని కావాలే. ఇంకో నాలుగేళ్ళు చెయ్యగలను. ఆ నాలుగేళ్ళు ఇక్కడ బెండు చూస్తూ కూర్చోలేను."

"మరి ఇన్ని రోజులూ చెప్పలేదేం?"

"నువ్వు కాయితాలన్నీ ముందేసుకుని ఎంత సంబరంగా ఉన్నావో! ఎలా చెప్పను? అందుకే ఇవి పెడుతున్నా. ఏడాదికి సరిపడా పెట్టేసి అప్పుడు చెబుదామనుకున్నా."

"ఏడాది అయ్యాక?"

"అప్పటికి నువ్వే పట్టుకుంటావు. లైసెన్స్ ఉందిగా."

నేను గరాజ్ మెట్టు మీద కూలబడి ఏడ్చాను. కోపంతోనా, బాధతోనా, ఇన్నాళ్ళూ అడగనందుకు సిగ్గుతోనా, నాకే తెలియలేదు. అమ్మ నన్ను ఓదార్చలేదు. బకెట్లో ఎగురుతున్నవి వృథా అయిపోతాయని మళ్ళీ కత్తి తీసుకుంది. కాసేపటికి నేనూ ఇంకో కత్తి తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. నాకు పొలుసు గీకడం సరిగ్గా రాదని రెండుసార్లు తిట్టింది.

రూలు సంగతి మాత్రం ఆవిడ ఒప్పుకుంది. "తప్పు తప్పే. నీ మీదకి రానివ్వను" అంది. తర్వాతి ఆదివారం మా తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక పెద్ద గిన్నెతో చేపల పులుసు. అమ్మే వండింది, అమ్మే వడ్డించింది. అంతా లొట్టలేసుకుంటూ తిని, "ఆంటీ, మళ్ళీ వచ్చినప్పుడు కూడా చెయ్యాలి" అన్నారు. అమ్మ నవ్వి ఊరుకుంది. నేను పక్కనే నిలబడి గరిటెతో గిన్నె అడుగు గోకాను. ఇంటికొచ్చాక ఫ్రీజర్‌లో పదమూడు ప్యాకెట్లు మిగిలాయి. ముప్పై తొమ్మిది చేపలు.

ఇక ఇంటర్వ్యూ. ఎవరి కోసం వెళ్తున్నానో తెలియకుండా వెళ్ళాను. వాయిదా వేద్దామా అని మా ఆయన్ని అడిగితే, "నీ కోసం వెళ్ళు" అన్నాడు. నా కోసం నాకేం కావాలో ఆ క్షణాన నన్నడిగితే చెప్పలేను. అమ్మ కూడా కార్లో వచ్చింది. పార్కింగ్‌లో కూర్చుని బైబిల్ చదువుకుంటానంది.

ఆఫీసరు నాకంటే చిన్నవాడు. చెయ్యి ఎత్తించి ప్రమాణం చేయించాడు. చరిత్ర ప్రశ్నలు అడిగాడు, చెప్పాను. ఫారం తిరగేస్తూ వరసగా అడుగుతూ వచ్చి, ఆ ప్రశ్న దగ్గరికొచ్చాడు. అరెస్టు కాకపోయినా ఎప్పుడైనా నేరం చేశారా?

"ఫిష్" అన్నాను.

పెన్ను ఆగింది. చెప్పమన్నాడు. లేక్, లైసెన్సులు, ఫ్రీజర్, ఇరవై రూలు, నూట ఇరవై మూడు, ఆపైన చర్చిలో పులుసు. గడగడా చెప్పేశాను. అతను సీరియస్‌గానే విన్నాడు. ఎవరైనా ఫైన్ వేశారా, నోటీసు ఇచ్చారా అని అడిగాడు. లేదన్నాను. ఏదో రాసుకున్నాడు. తర్వాత తలెత్తి, మామూలుగా, మనిషి మనిషిని అడిగినట్టు అడిగాడు, ఇంట్లో ఉన్నది ముగ్గురే కదా, అన్ని చేపలు ఎందుకు అని.

"మా అమ్మ ఇక రాదండీ" అన్నాను.

అతను అర్థం కానట్టు చూశాడు. అప్పుడు తెలిసింది, తెలుగులో అన్నానని. ఇంగ్లీషు వచ్చో రాదో పరీక్షించే గదిలో కూర్చుని! ఇంగ్లీషులో చెప్పండి మేడమ్ అన్నాడు. చెప్పాను. అతను అయామ్ సారీ అని, తర్వాతి ప్రశ్నకి వెళ్ళాడు.

పాసయ్యానని కాయితం చేతికిచ్చారు. బయటికొచ్చి కార్లో కూర్చున్నాను. అమ్మ కళ్ళజోడు తీసి నా మొహం చూసింది.

"చేపల సంగతి అడిగాడా?"

"నేనే చెప్పాను."

"ఏమన్నాడు?"

"ఎందుకన్ని అన్నాడు. నువ్వు మళ్ళీ రావని చెప్పాను."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"మంచి పని చేశావు. ఇక నువ్వు కూడా నమ్ము" అంది.